విమానాశ్రయం పక్కన ఒక్క రాత్రి
సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విమానాశ్రయం దగ్గరి హోటళ్లలో గడిపిన ఒక్క రాత్రి గురించే. చాలామంది చివర్లో ‘మాదే పొరపాటా?’ అని అడిగారు. ఆ మాట చదివి మనసు చివుక్కుమంది. అందుకే పేజీ మొత్తం వారికే ఇస్తున్నాను.

తెల్లవారుజాము ఢిల్లీ విమానం కోసం ముందురోజు రాత్రే వచ్చి శంషాబాద్‌లో ఒక హోటల్లో దిగాను. గది శుభ్రంగానే ఉంది. అయినా కన్ను మూతపడలేదు, లిఫ్టు చప్పుడైతే చాలు ఉలిక్కిపడి లేచాను. నాకు 68 ఏళ్లు. ఇది గుండెజబ్బుకు మొదలా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట

మాస్టారూ, భయపడకండి. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు, దాన్ని ‘ఫస్ట్ నైట్ ఎఫెక్ట్’ అంటారు. కొత్తచోట మెదడులో ఒక సగం రెండో సగం కన్నా తేలిగ్గా నిద్రపోతూ చప్పుళ్లను కనిపెట్టుకుని ఉంటుందని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో వెల్లడించారు. ఈసారి లిఫ్టుకు దూరంగా గది అడగండి, రోజూ కప్పుకునే దుప్పటి వెంట తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక కూడా రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

హోటల్లో పడుకుని లేచేసరికి నాకూ పిల్లలిద్దరికీ చేతుల మీద వరసగా ఎర్రటి దద్దుర్లు. పరుపు అంచున నల్లి కనిపించింది. దీనివల్ల ఏదైనా రోగం వస్తుందా? ఇల్లంతా పాకుతాయా? రెండు రోజులుగా నిద్ర లేదు.
– ఒక తల్లి, హనుమకొండ

అమ్మా, ముందు ఈ మాట వినండి: నల్లికాటుతో మనుషులకు రోగాలు అంటుకుంటాయని ఇంతవరకు రుజువు కాలేదు. దద్దుర్లు వారం రెండు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పిల్లలు గోకకుండా గోళ్లు కత్తిరించి, చల్లటి తడిగుడ్డ వేయండి. ప్రయాణంలో వాడిన బట్టలన్నీ బాగా వేడినీళ్లలో ఉతకండి. సూట్‌కేసును పడకగదిలోకి తేకుండా బయటే తెరిచి, కుట్లూ జిప్పు అంచులూ టార్చిలైటుతో చూడండి. ఈ పురుగు మురికిని బట్టి రాదు, పెట్టెల్లో ప్రయాణం చేసి ఖరీదైన హోటళ్లకూ చేరుతుంది కాబట్టి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పిల్లల పక్కల మీద పురుగుమందు కొట్టొద్దు. పెదవులు, ముఖం వాచినా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కొన్ని వారాల తర్వాత ఇంట్లో కొత్త కాట్లు కనబడితే అప్పుడు పెస్ట్ కంట్రోల్ వారిని పిలవండి.

ఉద్యోగంలో చేరాక ఇదే మొదటి ప్రయాణం. గది అద్దె ముందే కట్టాను. అయినా కౌంటర్లో నా క్రెడిట్ కార్డు గీకారు, రూ. 3,000 అని మెసేజ్ వచ్చింది. ఆధార్ నకలు కూడా తీసుకున్నారు. మోసపోయానా? నాన్నకు చెప్పలేదు.
– ఒక యువకుడు, కరీంనగర్

తమ్ముడూ, మీరు మోసపోయినట్లు కనిపించడం లేదు. గదిలో తిండికీ, పాడైన వస్తువులకూ ముందుజాగ్రత్తగా హోటళ్లు కార్డులో కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతాయి, దాన్ని ‘ప్రీ ఆథరైజేషన్’ అంటారు. గది ఖాళీ చేశాక, బ్యాంకును బట్టి కొద్ది రోజుల్లో అది విడుదలవుతుంది. నెల స్టేట్‌మెంటులో అదే మొత్తం ఖర్చుగా ఎక్కితే హోటల్ బిల్లు జతచేసి బ్యాంకుకు రాయండి. మీరు చేయని లావాదేవీ ఇంకేదైనా కనిపిస్తే ఆ నిమిషమే కార్డు ఆపించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇకమీదట చివరి నాలుగు అంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇవ్వండి. నాన్నగారికి ఈ రోజే చెప్పేయండి, మీ గుండె తేలికపడుతుంది.

అమ్మాయి పురుటికి అమెరికా వెళ్తూ గల్ఫ్‌లో రాత్రంతా ఆగాం. విమానాశ్రయం లోపలి హోటల్లో గదికి కిటికీ లేదు. తలుపు వేయగానే ఊపిరాడనట్లయింది, తెల్లవార్లూ వరండాలో కూర్చున్నాను. బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో ఉండిపోయాయి. తిరుగు ప్రయాణమూ అదే దారి. తలుచుకుంటేనే వణుకొస్తోంది.
– ఒక గృహిణి, నెల్లూరు

అమ్మగారూ, తెలియని దేశంలో, మూసిన గదిలో అలా అనిపించడం మామూలే. కిటికీ లేకపోయినా ఏసీ మార్గాల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది, మీకు గాలి తగ్గలేదు. దుబాయ్, దోహా విమానాశ్రయాల్లో ఇమిగ్రేషన్ దాటకుండానే దిగే ట్రాన్సిట్ హోటళ్లున్నాయి, వాటికి వీసా అక్కర్లేదు. గది తీసుకునేటప్పుడే కిటికీ ఉందా అని అల్లుడి చేత అడిగించండి. లేదంటే బాత్‌రూమ్ దీపం వేసి ఉంచుకుని, ఊపిరి మెల్లగా వదులుతూ ఉండండి. మాత్రలు మాత్రం డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి, ఎందుకంటే ఒకే టికెట్ మీద వెళ్తే పెద్ద పెట్టె సాధారణంగా మధ్యలో చేతికి రాదు. ఆలోచించాల్సింది రెండు టికెట్లు విడివిడిగా ఉన్నప్పుడే: అప్పుడు పెట్టె తీసుకోవడానికి బయటికి రావాల్సి వస్తే వీసా అడగవచ్చు.

పేరులో ‘ఎయిర్‌పోర్ట్’ అని ఉందని తీసుకుంటే ఆ హోటల్ 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉచిత బండి తెల్లవారుజామున రాలేదు. మా ఆవిడ ‘చూసుకోవద్దా’ అంటోంది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

బోర్డు మీద రాసింది నమ్మడం తప్పెలా అవుతుంది? ఈసారి హోటల్ నుంచి టెర్మినల్‌కు దూరం మ్యాపులో చూసుకోండి, బండి ఎన్నింటికో ముందురోజు రాత్రే రాయించుకోండి. ప్రకటనలో విమానాశ్రయం పక్కనే అని ఉంటే ఆ పేజీని ఫొటో తీసి ఉంచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి.

రాత్రి పదింటి విమానం ఉదయం ఆరున్నరకు బయలుదేరింది. గదులు లేవు, మీరే చూసుకోండి అని విమాన సంస్థ వారు అన్నారు. ముగ్గురు పిల్లలతో దగ్గర్లోని హోటల్‌కు వెళ్తే వేడినీళ్లు కూడా లేవు, రూ. 4,200 అయింది. గట్టిగా అడిగితే విమానం ఎక్కనివ్వరేమోనని నోరెత్తలేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

పిల్లలతో అర్ధరాత్రి మీరు పడిన భయం నాకు అర్థమైంది. మర్యాదగా గది అడిగినందుకు మిమ్మల్ని ఎవరూ విమానం ఎక్కకుండా ఆపరు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధన ప్రకారం రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 గంటల మధ్య బయలుదేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది, రానుపోను బండి ఆ సంస్థే ఉచితంగా ఏర్పాటు చేయాలి. మీది ఎనిమిదిన్నర గంటలు. వాతావరణం లాంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు నష్టపరిహారం రాదు, కాబట్టి ఆలస్యానికి కారణమేమిటో వారిచేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ముందు సంస్థ నోడల్ అధికారికి, జవాబు రాకపోతే కేంద్ర పౌర విమానయాన శాఖ ‘ఎయిర్‌సేవ’కు ఫిర్యాదు పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. టికెట్, ఆలస్యం మెసేజ్, హోటల్ బిల్లు, టాక్సీ రసీదు ఒక కవరులో పెట్టుకోండి, మొదటి ఉత్తరం ఈ వారమే రాయండి.