ఒకే ద్రాక్ష... ఏడాదికో రుచి

ఫ్రాన్స్ తూర్పు భాగంలోని బర్గండీ రైతులు తెల్ల వైన్ కోసం దాదాపు ఒకే ద్రాక్ష రకం వేస్తారు. దాని పేరు షార్డనే. రకం ఒకటే, ఎక్కువగా సున్నపు నేలలే. అయినా ఏ ఏటి సరుకు ఆ ఏటిదే. కమతాలు అక్కడా చిన్నవే. పేరుమోసిన మోంట్రాషే తోట మొత్తం కలిపి 20 ఎకరాలు, యజమానులు మాత్రం పదిహేను మందికి పైనే. కొందరి వాటా కొన్ని సాళ్లే!

మొదటి గండం చిగురు దశలో. షార్డనే తొందరగా చిగురిస్తుంది. 2021 ఏప్రిల్‌లో నీరు గడ్డకట్టే చలి లేత చిగుళ్లను మాడ్చేసింది. రైతులు రాత్రంతా సాళ్ల మధ్య పెద్ద మైనపు దీపాలు వెలిగించినా చాలాచోట్ల కాపు చేజారింది.

ఎండలు ముదిరితే ఇంకో చిక్కు. కాయ పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు పడిపోతుంది. 2003 వడగాలులకు, మామూలుగా సెప్టెంబరులో కోసే పంట ఆగస్టులోనే కోతకొచ్చింది. పులుపు తగ్గిన తెల్ల వైన్ చప్పగా ఉంటుంది, నిల్వకూ అంతగా ఆగదు. చల్లని ఏడాదిలో చక్కెర చాలదు. అప్పుడు రసంలో కొంత పంచదార కలపడానికి చట్టం పరిమితంగా ఒప్పుకుంటుంది. అందుకే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం కోత తేదీ. నాలుగు రోజులు ఆగితే తీపి పెరగొచ్చు, ఈలోగా వాన పడితే గుత్తులు కుళ్లొచ్చు.

కోసిన గుత్తులను ఆలస్యం లేకుండా పిండి, తొక్క తీసేసి రసం ఒక్కటే పులియబెడతారు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మార్చేస్తుంది. తీపి మిగలదు కాబట్టి 'డ్రై' అంటారు. ఉత్తరాన షాబ్లీలో చాలామంది స్టీలు తొట్లు వాడతారు, పండు రుచి నిలుస్తుంది. దక్షిణాన మెర్సో వైపు 228 లీటర్ల ఓక్ చెక్క పీపాలు. బలం లేని ఏటి రసాన్ని కొత్త పీపాలో పోస్తే మాత్రం నోటికి చెక్కే తగులుతుంది.

తర్వాత బాక్టీరియా పని. పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పులుపు కరుకుదనం తగ్గుతుంది. ఎండ ఏడాదిలో ఉన్న కాస్త పులుపూ పోతుందని కొందరు దీన్ని ఆపేస్తారు.

1990ల నడిమి నుంచి వచ్చిన సరుకులో ఒక దోషం బయటపడింది. ఏళ్ల తరబడి నిలవాల్సిన సీసాలు కొన్నేళ్లకే కోసిన వంకాయ ముక్కలా రంగు తిరిగాయి. గాలి సోకిందన్నది ఖాయం. తప్పు బిరడాదా, గంధకపు వాయువు (మనం బూడిద తెగులుకు చల్లే గంధకాన్ని కాలిస్తే వచ్చేదే) తగ్గించడమా, పీపాలో మడ్డిని అతిగా కలియబెట్టడమా అని వాదనలు నడిచాయి. ఒక్క కారణం తేలలేదు. చాలామంది కలియబెట్టడం తగ్గించారు. కొందరు కార్కు పొడిని అతికించి చేసిన బిరడాలకు మారారు.