చిన్న కాంట్రాక్టరు ప్రకటన ఎక్కడ ఇవ్వాలి?

ప్రశ్న: బంజారా హిల్స్‌లో ఇళ్ల మరమ్మతులు, వాటర్‌ప్రూఫింగ్ పనులు చేసే చిన్న కాంట్రాక్టరు అమీర్‌పేటలో పోస్టర్లు వేయాలా, పత్రికను నమ్ముకోవాలా, ఆన్‌లైన్‌కు వెళ్లాలా?

జవాబు: అమీర్‌పేట రద్దీని చూసి భ్రమపడరాదు. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రోలో ఎరుపు, నీలం మార్గాలు కలిసే కూడలి అదే అయినా, అక్కడ తిరిగేవారిలో చాలామంది కోచింగ్ కోసం వచ్చి హాస్టళ్లలో ఉండే విద్యార్థులు కనుక, స్లాబు కారితే ఆ తలనొప్పి హాస్టల్ యజమానిదే తప్ప వారిది కాదు. పైగా అనుమతి లేకుండా గోడలకు పోస్టర్లు అంటిస్తే జరిమానా పడే ప్రమాదం ఉంది.

ముందుగా చేయవలసింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే మ్యాప్‌లో సంస్థ పేరు, ఫోను నంబరు, వినియోగదారుల రేటింగులు కనిపించే పేజీ, ఇది ఉచితం. దుకాణం లేనివారు చిరునామా చూపకుండా పంజాగుట్ట, శ్రీనగర్ కాలనీ, ఎల్లారెడ్డిగూడ వంటి ప్రాంతాలను ‘సర్వీస్ ఏరియా’గా, అనగా పనికి వెళ్లే పరిధిగా, పేర్కొనవచ్చు. చెమ్మ పట్టి పెచ్చులూడిన బాత్‌రూమ్ గోడ, అదే గోడ పని ముగిశాక, ఈ రెండు ఫొటోలు పెద్ద మాటలకన్నా బాగా పనిచేస్తాయి.

పత్రికలోని క్లాసిఫైడ్, అంటే వర్గాలవారీగా వేసే చిన్న ప్రకటన, ఏడాది పొడవునా కాక వానలకు ముందు మే నెలలో ఇస్తే చాలు. డబ్బు ఖర్చయ్యేవాటిలో అన్నిటికన్నా చవకైనది, చిత్రంగా చాలామంది మరిచిపోయేది, యజమాని అనుమతితో పరంజాకు కట్టే బోర్డు. పక్కింటివారు రోజూ ఆ పనినీ, సాయంత్రం వీధిలో ఇసుక ఊడ్చారో లేదో కూడా చూస్తుంటారు.