మంచుదారిలో మోటారు ప్రయాణము: టైర్ల ఎన్నిక, ముందు జాగ్రత్తలు

తెలుగు పాఠము చెప్పేవారికి మోటారు టైర్లతో ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. ఆ ప్రశ్న సబబైనదే. మా పూర్వ విద్యార్థి ఒకడు ఉన్నత విద్యకై అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి వెళ్ళి, అక్కడి మొదటి చలికాలములోనే మాకొక ఉత్తరము వ్రాశాడు. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో పాత కారు కొన్నాడట. తొలి మంచు కురిసిన నాడు కూడలిలో ఎర్రదీపము చూచి బ్రేకు త్రొక్కితే, కారు ఆగక జారుకుంటూ పోయి రోడ్డు ప్రక్క గుంటలో దిగబడినదట. దైవము దయవల్ల దెబ్బలేమీ తగలలేదు. “టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి, బ్రేకులూ మంచివే. మరి లోపమెక్కడ సార్?” అని ఉత్తరము చివర అడిగాడు.

మాకు సమాధానము తెలియలేదు. భౌతికశాస్త్ర శాఖలోని మా మిత్రులను అడిగి, మరికొంత చదివి, తెలుసుకున్నదానిని అతనికి వ్రాశాము. ఏటేటా మంచుదేశాలకు వెళ్ళే మన విద్యార్థులకు ఉపయోగపడుతుందనే తలంపుతో అదే విషయాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

లోపమెక్కడ?

డిసెంబరు ఉదయాన మన ఇండ్లలో సీసాలోని కొబ్బరినూనె గడ్డకట్టి ఉండటం అందరమూ చూచినదే. నూనె మారలేదు, చలికి దాని గుణము మారినది. రబ్బరు సంగతీ కొంత అటువంటిదే. మామూలు టైరులోని రబ్బరు వేడి రోడ్డుపై అరిగిపోకుండా గట్టిగా ఉండేటట్లు తయారవుతుంది. గాలి ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోయేసరికి ఆ రబ్బరు మరింత బిగుసుకొని, రోడ్డులోని ఎగుడుదిగుడులకు అనుగుణముగా వంగే శక్తిని కోల్పోతుంది. అప్పుడు గాడులెంత లోతుగా ఉన్నా పట్టు తగ్గిపోతుంది. మా విద్యార్థి కారుకు జరిగినది ఇదే.

చలికాలపు టైరులో రబ్బరు మిశ్రమమే వేరు. సిలికా మొదలైన పదార్థాల పాళ్ళు మార్చి, గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉండేటట్లు దానిని తయారుచేస్తారు. పైగా గాడుల మధ్యనున్న ప్రతి దిమ్మె మీదను సన్నని చీలికలు అనేకము ఉంటాయి. టైరు నేలను తాకినప్పుడు ఆ చీలికలు విచ్చుకొని, వాటి అంచులు మంచును పట్టుకుంటాయి. వెడల్పైన గాడులలో మంచు కూరుకొనిపోవటం దోషము కాదు, గుణమే. పిల్లలు మంచును ఉండ చేస్తే అది ఎట్లు కలిసిపోతుందో, గాడిలోని మంచు నేలపై మంచుతో అట్లే కలిసి పట్టునిస్తుంది.

ఈ విద్య పుట్టినది ఫిన్లాండు దేశములో. నేడు నోకియన్ టైర్సు అని పేరుగల సంస్థకు మూలమైన అక్కడి కర్మాగారము 1934లో మంచుదారుల కొరకు ప్రత్యేకముగా లారీ టైరును, 1936లో కారు టైరును తయారుచేసినది.

ఒక చిన్న లెక్క

బ్రేకు త్రొక్కిన తరువాత కారు ఆగే దూరము వేగము యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది; టైరుకు రోడ్డుకు మధ్య గల ఘర్షణను బట్టి తగ్గుతుంది. ఘర్షణ గుణకము పొడి తారురోడ్డుపై సుమారు 0.7, అణగిన మంచుపై 0.2, గడ్డకట్టి నున్నగానున్న మంచుపై 0.1 అనుకొందాము. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోయే కారు పొడిరోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగితే, అణగిన మంచుపై 49 మీటర్లు, నున్నని మంచుగడ్డపై 98 మీటర్లు కావలెను. వేగమును 30కి తగ్గిస్తే అణగిన మంచుపై 18 మీటర్లు చాలును. మంచి టైరు ఈ గుణకాన్ని కొంత పెంచగలదే గాని, మంచుదారిని పొడిదారిగా మార్చలేదు. మిగిలిన పని వేగము తగ్గించే మనిషిదే.

టైరు ఎన్నుకొనుట

అంగడిలో ‘ఆల్ సీజన్’ అనే పేరు విని, అన్ని కాలాలకూ సరిపోతుందని పలువురు భ్రమపడతారు. అది ఎండకూ చలికీ నడుమ రాజీవంటిది. తీవ్రమైన చలిలో చలికాలపు టైరుకు సాటి రాదు. టైరు ప్రక్కభాగముపై ‘ఎం’, ‘ఎస్’ అక్షరాలు మాత్రమే ఉంటే, గాడుల ఆకృతి బురదకూ మంచుకూ అనుకూలమని చెప్పుకొనుటే తప్ప పరీక్షలో నెగ్గినట్లు కాదు. మూడు శిఖరాల కొండ, దానిలో మంచురేకు గల గుర్తు కొరకు చూడవలెను. అమెరికా, కెనడా దేశాల రబ్బరు పరిశ్రమ సంఘాలు 1999లో ప్రవేశపెట్టిన ఈ గుర్తు, మంచుపై పరీక్షలో నిర్ణీత ప్రమాణాన్ని అందుకున్న టైరుకే దక్కుతుంది.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రములో 2008 నుండి చలికాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. ప్రస్తుతము ఆ గడువు డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు. జర్మనీలో తేదీలతో పని లేదు. రోడ్డుపై మంచు ఉన్నప్పుడు తగిన టైర్లు ఉండి తీరవలెను. అమెరికాలో దేశమంతటికీ వర్తించే ఇట్టి నియమము లేదు. కావున అక్కడ మన విద్యార్థులు తమ వివేకము మీదనే ఆధారపడవలసి ఉన్నది.

ఖర్చుకు జంకి రెండే టైర్లు మార్చుట ప్రమాదకరము. ముందు చక్రాలకు మాత్రమే పట్టు ఉంటే, మలుపులో వెనుక భాగము జారి కారు గిర్రున తిరిగిపోతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలము అందే వాహనమైనా ఈ నియమానికి లోబడినదే. ఆ ఏర్పాటు బయలుదేరుటకు సాయపడుతుంది గాని ఆగుటకు కాదు. గాడుల లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గినచో మంచుదారికి ఆ టైరు తగదు. వేసవి రాగానే మామూలు టైర్లు తిరిగి వేసుకొనవలెను. ఎండలో మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుంది. రెండు జతలూ వంతులవారీగా అరుగుతాయి కనుక, రెండవ జత ఖర్చు పూర్తిగా అదనపు ఖర్చు కాదు.

వాహనమును సిద్ధపరచుట

చలికి టైరులోని గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ సుమారు ఒక పౌండు తగ్గుతుంది. కావున నెలకొకసారైనా, కారు నడుపక ముందు, గాలి చూపించవలెను. బ్యాటరీ శక్తి సున్నా డిగ్రీల వద్దనే మూడవ వంతు వరకు తగ్గవచ్చును. పాతబడినదైతే మంచు పడక ముందే పరీక్ష చేయించవలెను. రేడియేటరులో వట్టి నీరు పోయరాదు. నీరు గడ్డకడితే వ్యాకోచించి ఇంజనునే పగులగొట్టగలదు. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్ళలో కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అద్దము కడిగే నీటికి బదులుగా కూడా గడ్డకట్టని ద్రవమే వాడవలెను.

డిక్కీలో ఒక చిన్న పార, ఇసుక సంచి, కంబళి, టార్చిలైటు, త్రాగునీరు, కొంత ఆహారము ఉంచుకొనవలెను. బయలుదేరే ముందు అద్దములే గాక కారు పైకప్పు మీది మంచును కూడా తుడువవలెను. లేనిచో బ్రేకు వేయగానే అది ముందు అద్దముపై జారిపడి చూపును కప్పివేస్తుంది.

దారిలో చిక్కుకొన్నచో

ఈ భాగాన్ని విద్యార్థులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెనని మా కోరిక. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ అనే కొండ విడిదిలో భారీగా మంచు కురిసి, వేలాది కార్లు దారిలో నిలిచిపోయాయి. ఆ కార్లలోనే కనీసము 22 మంది, పసిపిల్లలతో సహా, మరణించారు. చలితో పాటు కార్బన్ మోనాక్సైడు వాయువు కూడా అందుకు కారణమని అప్పటి వార్తలు తెలిపాయి. సైలెన్సరు గొట్టము మంచులో కూరుకొనిపోతే, ఇంజను వదిలే ఆ వాయువు కారులోనికే వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్లే ఉండి ప్రాణము పోతుంది. కావున వెచ్చదనానికై ఇంజను వేయక ముందు దిగి ఆ గొట్టము చుట్టూ మంచు తీసివేయవలెను. కొద్ది నిమిషాలు నడిపి ఆపివేయవలెను. గాలి వీచే దిక్కుకు ఎదురు కానివైపు అద్దము కొంచెము దించవలెను. మనాలికో గుల్మార్గుకో విహారయాత్రకు వెళ్ళే మన కుటుంబాలకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

మా విద్యార్థి తరువాతి నెలలో నాలుగు చలికాలపు టైర్లు, పాతవే అయినా గాడులు చూచి, కొన్నాడు. అంతవరకు మంచు పడిన దినాలలో కారు తీయక బస్సులో వెళ్ళానని వ్రాశాడు. రెండు పనులూ మెచ్చుకొనదగినవే. చేతిలో డబ్బు లేనప్పుడు ప్రయాణము మానుకొనుట పిరికితనము కాదు. మంచు కురియక ముందు చేసిన పని మంచులో ఆదుకుంటుంది. కురిసిన తరువాత బ్రేకు మీద కాలు ఎంత గట్టిగా అదిమినా, చేయని పనికి అది బదులు కాదు. ఇంటి దగ్గర వీరి ఉత్తరానికై, ఫోనుకై ఎదురుచూచే తల్లిదండ్రులు ఉన్నారని మన విద్యార్థులు ఎల్లప్పుడూ గుర్తుంచుకొందురు గాక!