లక్కమ్మ కొలత: చిరుజీతముతో పట్నవాసము



మన ధర్మము అడవులలో తపస్సు చేయువారి కొరకు పుట్టినది కాదు. పన్నెండవ శతాబ్దమున బిజ్జలుని రాజధానియైన కల్యాణములో, పనిచేసి పొట్టపోసుకొను సంసారుల నడుమ అది పెరిగినది. బసవేశ్వరుడు మంగళవాడలో కరణికుడుగా, అనగా లెక్కలు వ్రాయు ఉద్యోగిగా కొలువు ప్రారంభించి, పిదప భాండాగారాధికారి అయ్యెను. ఆయన చుట్టును చేరిన శరణులలో మడివాలు, మాదిగలు, పడవ నడుపువారు, త్రాళ్లు పేనువారు ఎందరో కలరు. కావున రాజధానిలో చిన్న సంపాదనతో బ్రదుకుట ఎట్లు అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఈ పాఠమున ఆ ప్రశ్ననే మన కాలమునకు, మన ప్రాంతమునకు అన్వయించి చూతము.

తాడేపల్లి నేటి స్థితి

కృష్ణకు దక్షిణపుటొడ్డున, విజయవాడకు ఎదురుగా తాడేపల్లి యున్నది. 1957లో ప్రకాశం బారేజి పూర్తియైన పిదప ఆవలియొడ్డు మరింత దగ్గరైనది. 2014లో రాష్ట్రము విడిపోయెను. 2015 అక్టోబరు 22వ తేదీన ఉద్దండరాయునిపాలెమున అమరావతికి శంకుస్థాపన జరిగెను. 2016లో వెలగపూడికి సచివాలయము తరలివచ్చెను. 2019 చివర మూడు రాజధానుల ప్రతిపాదనతో పనులు నిలిచి, 2024 తరువాత మరల సాగినవి. ఈ మధ్యలో 2021లో మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ ఏర్పడినది. పొలములున్నచోట అపార్టుమెంట్లు లేచినవి. ఊరు పల్లెగానే కనుపించు వీధులలో సైతము అద్దె మాత్రము పట్నపుటద్దె అయినది.

ఇట్టి చోటికి మిరప, ప్రత్తి పొలముల నుండి చదువుకొన్న పిల్లలు ఉద్యోగమునకు వచ్చుచున్నారు. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ, వార్డు సచివాలయముల వ్యవస్థ ప్రారంభమైనపుడు రాష్ట్రమున లక్షకు పైగా యువకులు, యువతులు ఒక్కమారుగా కొలువులలో చేరిరి. వారికి నెలకు మొత్తము 15,000 రూపాయలు. రెండేండ్లలో పూర్తి జీతము వచ్చునని చెప్పిరి. అది 2022 జూలై నాటికి గాని రాలేదు. అప్పుడు మూలవేతనము కొందరికి 23,120 రూపాయలు, మిగిలినవారికి 22,460 రూపాయలు అయ్యెను. ఇది ప్రభుత్వోద్యోగుల సంగతి. దుకాణములో, ప్రైవేటు ఆసుపత్రిలో, చిన్న కంపెనీలో క్రొత్తగా చేరినవానికి ఆమాత్రపు భరోసాయైనను లేదు.

పదునైదు వేలలో అద్దెకు ఆరు వేలు పోయెననుకొందము. కరెంటు, గ్యాసు, బస్సుచార్జీలు, ఫోను, రెండు పూటల తిండి పోగా, ఇంటికి పంపవలసినది ఎంత? జ్వరము వచ్చిన నెలలో మిగులునది ఎంత? కౌలు రైతుకు ఈ లెక్క బాగుగా తెలియును. పైరు పండినను పండకున్నను కౌలు కట్టక తప్పదు. తండ్రి పొలమునకు కౌలు కట్టుచుండగా కొడుకు గదికి అద్దె కట్టుచున్నాడు. ఇద్దరును పరుల సొత్తు మీద నిలిచి చెమటోడ్చువారే.

లక్కమ్మ కథ

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు రాయచూరు సీమలోని అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చినవారు. నేటి పిల్లలవలె వారును రాజధానికి క్రొత్తవారే. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరుకొని వచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే వారి సంసారము, ఆ బియ్యముతోనే జంగమ దాసోహము.

ఒకనాడు మారయ్య వాడుకకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటికి కావలసినదానికంటె ఎక్కువ ఏల తెచ్చితివని అడిగెను. ఆ ఎక్కువ మనది కాదు, తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. మారయ్య అట్లే చేసెను. పిదప ఆ కొద్ది బియ్యముతోనే ఆమె శరణులందరకును దాసోహము చేసెనని పెద్దలు చెప్పుదురు.

ఈ కథను మనము పురాణకాలక్షేపములలో పలుమార్లు వినియుందుము. అయితే దానిని చిన్న జీతగానికి మాత్రమే చెప్పుట మనకు అలవాటైనది. "నాయనా, ఉన్నదానితో తృప్తిపడుము, లక్కమ్మను చూడుము" అందురు. ఇచట ఆగి ఆలోచింపవలెను. లక్కమ్మ ఆకలితోనున్నవానిని ఆకలితోనే యుండుమనలేదు. అవసరమునకు మించినదానిని తిరిగి ఇమ్మన్నది. పదునైదు వేలతో గది అద్దె కట్టువాని చేతిలో మించినది ఏమున్నది? ఆమె కొలత మొదట పడవలసినది ఎవరి చేతిలో ఎక్కువ యున్నదో వారిమీద. రెండు వైపులను కొలువని కొలత కొలతయే కాదు.

ఉద్యోగి వైపు కొలత

మొదటిది, సంపాదన శుద్ధముగా నుండవలెను. సదాచారమనగా ఇదియే. అద్దె పెరిగినది, జీతము చాలదు అను మాట లంచమునకు మెల్లగా తలుపు తీయును. వార్డు కార్యాలయములో ధ్రువపత్రము కొరకు వచ్చిన వృద్ధురాలి కొంగుముడి విప్పించువాడు, తన అద్దెను ఆమె చేత కట్టించుచున్నాడు. ఆమె అద్దె ఎవరు కట్టుదురు? బసవేశ్వరుడు ధనము దుర్వినియోగము చేయుచున్నాడని కొండెములు విని బిజ్జలుడు భాండాగారమును లెక్కింపించిన కథ బసవపురాణమున కలదు. లెక్కింపగా ఒక్క మాడయు తక్కువ కాలేదు. ఉద్యోగియైన శివభక్తునకు అదియే ఆదర్శము: ఏ దినమున లెక్క అడిగినను చూపగలుగుట.

రెండవది, అప్పు. నేడు సెల్‌ఫోనులోనే క్షణములో అప్పు దొరకుచున్నది. వడ్డీ, జరిమానాలు కలిసి అసలును మించును. కట్టలేనినాడు బంధుమిత్రులకు ఫోనులు చేసి పరువు తీయుదురు. తెలిసిన పెద్దవారిని అడుగుటకు సిగ్గుపడి, తెలియనివానికి తల తాకట్టు పెట్టుట వివేకము కాదు.

మూడవది, ఇంటి యెన్నిక. ఉద్యోగమున్నచోటనే గది యుండవలెనను నియమము లేదు. తాడేపల్లిలోనే కృష్ణా కెనాల్ జంక్షన్ స్టేషను కలదు. అచటి నుండి ఒక మార్గము మంగళగిరి మీదుగా గుంటూరుకు, మరియొకటి దుగ్గిరాల మీదుగా తెనాలికి పోవును. ఇంటి నుండి వచ్చిపోవ వీలున్నవారు రైలు సీజను టిక్కెట్టు ఖర్చును గది అద్దెతో పోల్చి చూచుకొనవలెను. గది తప్పనివారు ఇద్దరు ముగ్గురు కలిసి, వంట వంతులవారీగా చేసుకొనవచ్చును. అమ్మ పంపిన కారము, గోంగూర పచ్చడి, ఊరి బియ్యము ఉన్నచోట హోటలు ఖర్చు సగము తగ్గును.

"ఒక్క గదిలో శివపూజ ఎట్లు?" అని కొందరు పిల్లలు అడుగుచున్నారు. ఇష్టలింగధారికి ఈ సందేహము రాదగదు. దేహమునే ఆలయముగా చేసికొమ్మని బసవేశ్వరుడు బోధించినది, గుడి కట్టింపలేని బీదవానిని తలచియే. అరచేయి పీఠము. చాప పరచునంత చోటు చాలును. ప్రక్క మంచముపై మిత్రుడు నిద్రించుచున్నను పూజకు లోపము లేదు.

ఇంటివారి వైపు కొలత

మనలో ఇండ్లున్నవారును కలరు. ఇల్లు అద్దెకిచ్చి బ్రదుకుట తప్పు కాదు. దానికిని ఖర్చు, మరమ్మతు, పన్ను ఉన్నవి. వితంతువులు, వృద్ధులు అద్దెమీదనే జీవించుట ఎరుగుదుము. వారిని గూర్చి కాదు ఈ మాట. రాజధాని వార్త వచ్చినపుడెల్ల, గోడకు సున్నమైనను వేయకయే అద్దె పెంచువారిని గూర్చి చెప్పుచున్నాము. మన శ్రమ లేకయే పెరిగిన ఆ వేయి రూపాయలు మారయ్య ఎక్కువగా తెచ్చిన బియ్యము వంటివి. వాటిని ఏమి చేయవలెనో లక్కమ్మ చెప్పియే యున్నది.

అడ్వాన్సు సంగతియు అంతియే. 2021లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన నమూనా అద్దె చట్టమున, నివాసగృహములకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్టు తీసికొనరాదని కలదు. అది నమూనా మాత్రమే. అయినను ధర్మమునకు చట్టము వచ్చువరకు ఆగవలసిన పని లేదు. ఉద్యోగములో చేరిన మొదటి నెలలో, జీతమింకను చేతికి రాని పిల్లవానికి డిపాజిట్టే మొదటి అప్పు అగుచున్నది. దానిని నాలుగు వాయిదాలలో తీసికొన్నచో ఇంటివారికి పోవునది లేదు, పిల్లవానికి మాత్రము మిత్తి బాధ తప్పును.

మరియొక మాట. గది చూపుటకు ముందు కులమడుగు ఆచారము మన ఇండ్లలోను కలదు. కల్యాణమున కులభేదములను త్రోసివేసినవారి పేరు చెప్పుకొని, ఇంటి గడప దగ్గర ఆ ప్రశ్న అడుగుట శివాచారమునకు విరుద్ధము.

మఠముల వైపు కొలత

దాసోహమనగా విస్తరిలో అన్నము మాత్రమే కాదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారు, 2019లో లింగైక్యమగువరకు, కులమత భేదము లేక వేలకొలది పేద విద్యార్థులకు అన్నము, వసతి, చదువు కూర్చిరి. విద్యార్థికి వసతి చూపితిమి. చదువు ముగిసి పట్నమున మొదటి జీతము అందుకొనబోవువానికి ఎవరు చూపుదురు? అంత గొప్ప సంస్థ కాకున్నను, మఠపు మేడమీది నాలుగు గదులు చాలును. క్రొత్తగా ఉద్యోగమునకు వచ్చినవారిని మూడు నెలలు నామమాత్రపు రుసుముతో ఉండనిచ్చి, ఆ పిదప వేరొకరికి చోటు ఇప్పింపవచ్చును. మూడు నెలలలో వాడు ఊరిని తెలిసికొనును, అప్పు లేక నిలువగలుగును. అట్లు నిలిచినవాడు మరునాడు తనవంతు పిడికెడు బియ్యము దాసోహమునకు తెచ్చును. చిరుజీతగానికి దాసోహభాగ్యము లేదనుకొనరాదు. లక్కమ్మ సంపద ఎంతటిదో ఎరుగుదుము కదా.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. ఈ నెల నా సంపాదనలో, లెక్క అడిగిన చూపలేని రూపాయి ఏదైన కలదా?

2. నేను ఇల్లు అద్దెకిచ్చువాడనైనచో, నా శ్రమ లేకయే పెరిగినది ఎంత? దానిలో తిరిగి ఇచ్చినది ఎంత?

3. మా ఊరినుండి పట్నమునకు ఉద్యోగమునకు పోయిన పిల్లలు ఎందరు? మొదటి నెల వారు ఎక్కడ తలదాచుకొనిరో విచారించితినా?

ఈ మూడవ ప్రశ్నను ప్రతి కుటుంబమున పెద్దలు ఈ రాత్రియే ఫోనులో అడిగి తెలిసికొందురు గాక. శరణు శరణార్థి.