ముదిమికి చేదోడు

సూర్యోదయ దేశంగా పేరొందిన జపాను దీర్ఘాయుష్మంతులకు నెలవు. అక్కడి జనాభాలో ప్రతి పదిమందికీ సుమారు ముగ్గురు 65 ఏళ్లు దాటినవారే. పూర్వం మంచం పట్టిన వృద్ధుల భారమంతా కోడలిపైనో, కూతురిపైనో పడేది. చూసే దిక్కు లేనివారు వ్యాధి నయమైన తరువాత కూడా ఆసుపత్రులలోనే కాలం వెళ్లదీసేవారు. ఈ దుస్థితిని తొలగించడానికి ఆ దేశ పార్లమెంటు 1997లో సంరక్షణ బీమా చట్టాన్ని ఆమోదించింది. 2000 ఏప్రిల్‌లో అది అమలులోకి వచ్చింది. 40 ఏళ్లు నిండినవారు ప్రీమియం చెల్లిస్తారు. సేవలు పొందేవారు వ్యయంలో పదోవంతు, ఆదాయం అధికంగా ఉన్నవారు అంతకు మించి భరిస్తారు.

అయితే, చట్టం ప్రసాదించిన హక్కు తనంత తానుగా ఇంటికి నడిచి రాదు. స్థానిక పాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. మంచం దిగలేని మనిషి కార్యాలయం మెట్లు ఎక్కేదెలా? 2005లో చట్టాన్ని సవరించి, మరుసటి ఏడాది నుండి ప్రాంతీయ సహాయ కేంద్రాలను నెలకొల్పారు. నడచి పోగలిగినంత దూరంలోనో, కొంచెం అటు ఇటుగానో ఉండే ఈ కేంద్రాలలో ఆరోగ్య నర్సు, సామాజిక కార్యకర్త, సంరక్షణ ప్రణాళికలలో అనుభవం గడించిన నిపుణుడు ఉంటారు. వారి సలహాకు రుసుము లేదు. అవసరమైతే వారే ఇంటికి వచ్చి, కుటుంబం తరఫున దరఖాస్తు సమర్పిస్తారు.

అసలు చిక్కు ఆ తరువాత ఎదురవుతుంది. పరిశీలకుడు ఇంటికి వచ్చి 74 అంశాలను విచారిస్తాడు. పక్కపై ఒత్తిగిలగలరా, మెతుకు మింగగలరా, పుట్టిన తేదీ చెప్పగలరా అని అడుగుతాడు. పరాయి మనిషి గడపలో అడుగుపెట్టేసరికి ముసలి ప్రాణంలో ఎక్కడలేని బింకం పుట్టుకొస్తుంది. రాత్రివేళ మరుగుదొడ్డికి పోతూ కూలబడిన అవ్వ, పగటిపూట వచ్చిన అధికారి ఎదుట గోడ పట్టకుండా నిలబడి చూపుతుంది. దానిని అబద్ధమనడం భావ్యం కాదు, అది ఆత్మాభిమానం. కాని ఆ బింకమే కాగితంపైకి ఎక్కితే, అందవలసిన సాయం తగ్గిపోతుంది. కనుక విచారణనాడు ఇంటివారు తప్పక దగ్గర ఉండాలనీ, ఎన్నిసార్లు పడిపోయినదీ, ఎన్ని రాత్రులు నిద్ర లేనిదీ ముందే రాసి ఉంచుకోవాలనీ, పెద్దల ఎదుట చెప్పరాని మాటలను పరిశీలకునికి చాటుగా విన్నవించాలనీ అనుభవజ్ఞులు హితవు చెబుతారు.

ఈ వివరాలను కంప్యూటరు గణించిన తరువాత, వైద్యుని అభిప్రాయంతో కలిపి నిపుణుల సంఘం పరిశీలిస్తుంది. సాయం అవసరమని తేలితే, వారిని ఏడు స్థాయిలలో ఒకదానిలో చేరుస్తుంది. సాధారణంగా 30 రోజులలో నిర్ణయం వెలువడాలి. అది న్యాయంగా లేదని తోస్తే మూడు నెలలలోగా పైసంఘానికి అప్పీలు చేసుకోవచ్చు. ఆరోగ్యం క్షీణిస్తే, గడువు తీరకముందే స్థాయి మార్పు కోరవచ్చు.

ఏ కేంద్రానికీ వెళ్లని ఏకాకుల సంగతి ఏమిటి? 1917లో ఒకయామా ప్రాంతంలో మొలకెత్తిన ఒక సంప్రదాయం వారికి ఆసరా అయింది. జీతం తీసుకోకుండా ఇరుగుపొరుగు యోగక్షేమాలు విచారించే సంక్షేమ ప్రతినిధులు నేటికీ వీధి వీధికీ తిరుగుతారు. తలుపు తెరవని ఇంటి కబురును వారే కేంద్రానికి చేరవేస్తారు. ఆ ప్రతినిధులలోనూ అనేకులు ఇప్పుడు వృద్ధులే. వారి స్థానంలోకి రావడానికి కొత్తవారు దొరకడం కష్టమవుతోంది.