బెంగ పిల్లలది, శిక్షణ మనకు

సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. స్కూలు బస్సు వెళ్లిపోయిన గంటకల్లా మాయం. మంగళవారం మళ్లీ మామూలే. పిల్లల డాక్టరు పరీక్షించి ఒంట్లో ఏ తేడా లేదంటారు. ఇంట్లో ఒకరు "అంతా నాటకం" అని కసురుతారు. మరొకరు "పోనీలే, ఇవాళొక్కరోజు మాననీ" అని వెనకేసుకొస్తారు. ఇద్దరి లెక్కా తప్పే. ఆ నొప్పి నిజమే. భయం పట్టుకున్నప్పుడు పెద్దవాళ్లకు గుండె దడ వచ్చినట్టే పిల్లలకు కడుపులో తిప్పుతుంది, తల నొస్తుంది, అరచేతులు తడుస్తాయి. ఇంత నిజమైన బాధను తిట్లతో అణచలేం. అలాగని సెలవుతోనూ తీర్చలేం.

సెలవుతో ఎందుకు తీరదు? భయపెట్టే పని తప్పిపోగానే పిల్లాడికి ప్రాణం కుదుటపడుతుంది. ఆ క్షణంలో వాడి మనసు ఒక పాఠం నేర్చేసుకుంటుంది: "వెళ్లలేదు కాబట్టే బతికిపోయాను." తర్వాతిసారి భయం ఇంకాస్త ముందుగా, ఇంకాస్త గట్టిగా వస్తుంది. వెళ్లి ఉంటే మొదటి పీరియడ్ అయ్యేసరికి కడుపు దానంతటదే సర్దుకునేదన్న సంగతి వాడికి ఎప్పటికీ తెలియదు.

ఇందులో మన వంతు చాలా ఉంది. చుట్టాలు పలకరిస్తే పాప బదులు మనమే జవాబు చెప్పేస్తాం. పదేళ్లొచ్చినా పక్కన పడుకుంటే తప్ప నిద్రపోడని పడుకుంటాం. "అమ్మా, రేపు పరీక్షలో అన్నీ మర్చిపోతే?" అని పదోసారి అడిగినా "మర్చిపోవు నాన్నా" అని పదోసారీ ఓపిగ్గా చెబుతాం. అన్నీ ప్రేమతో చేసేవే. అన్నీ కలిసి "నీ అంతట నువ్వు ఈ భయాన్ని తట్టుకోలేవు" అన్న కబురే పిల్లలకు చేరవేస్తాయి.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త ఎలై లెబోవిట్జ్ ఈ విషయాన్నే పట్టుకున్నారు. పిల్లల ఆందోళనకు ఆయన రూపొందించిన 'స్పేస్' అనే చికిత్సలో పిల్లలు డాక్టరు గదిలోకి రానే అక్కర్లేదు. శిక్షణంతా తల్లిదండ్రులకే. 2020లో ప్రచురించిన అధ్యయనంలో 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టులో పిల్లలకే నేరుగా థెరపీ, రెండో జట్టులో తల్లిదండ్రులకు మాత్రమే. రెండు జట్లలోనూ పిల్లలు దాదాపు ఒకేలా కోలుకున్నారు. నాకు దీంట్లో గొప్ప ఆశ కనిపిస్తుంది. మనస్తత్వ నిపుణుల దగ్గరికి రానని మొండికేసే పిల్లాడికి కూడా దారి మూసుకుపోలేదన్నమాట.

మారాల్సింది అమ్మానాన్నల తీరైనప్పుడు ఆ సాయం ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో అందినా చాలు. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు కేథీ క్రెస్వెల్ బృందం చేసింది అదే. 5 నుంచి 12 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులు ఆన్‌లైన్ పాఠాలు చదువుకుని ఇంట్లో ఆచరిస్తారు, థెరపిస్టు మధ్యమధ్యలో ఫోన్ చేసి కనుక్కుంటారు. మామూలు చికిత్సకు ఏమాత్రం తీసిపోని ఫలితం వచ్చిందని, థెరపిస్టుల సమయం కూడా బాగా ఆదా అయిందని 2024లో వెల్లడించారు. పిల్లల మానసిక నిపుణుడి కోసం జిల్లా దాటి వెళ్లాల్సి వచ్చే మన కుటుంబాలకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

మన దగ్గర మొదటి మెట్టు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇది ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లకే అనుకుని చాలామంది వెనకాడతారు. పిల్లవాడు బడి పేరెత్తితే వణికిపోతున్నాడన్నా చాలు, అది ఫోన్ చేయదగ్గ సంగతే. అవసరమైతే దగ్గర్లోని ఆసుపత్రికి దారి చూపిస్తారు.

ఇక ఇంట్లో చేయాల్సిన పని. ముందు మాట మార్చండి. పిల్లాడు భయమన్నప్పుడు "భయపడ్డానికి ఏముంది?" అనకండి. "నీకు చాలా భయంగా ఉందని తెలుస్తోంది నాన్నా. అయినా నువ్వు తట్టుకోగలవు, నాకు నమ్మకముంది" అనండి. రెండు ముక్కలూ ఉండాలి. మొదటిది లేకపోతే మనం వాడి బాధ నమ్మలేదనుకుంటాడు. రెండోది లేకపోతే మనమూ భయపడ్డామనుకుంటాడు.

తర్వాత, వాడి భయం కోసం మీరు చేసిపెడుతున్న పనుల్లో ఒక్కదాన్ని ఎంచుకోండి. ఒక్కటే. అన్నీ ఒకేసారి ఆపితే మీరూ నిలబడలేరు. పరీక్ష గురించి పదే పదే అడుగుతున్నాడా? కాస్త కుదురుగా ఉన్న వేళ కూర్చోబెట్టి ముందే చెప్పండి: "రేపట్నుంచి ఆ ప్రశ్నకు రోజుకు ఒక్కసారే జవాబు చెబుతాను. నీ మీద కోపంతో కాదు, నీకు సాయం చేయాలని." రెండోసారి అడిగినప్పుడు దగ్గరికి తీసుకోండి, తల నిమరండి, జవాబు మాత్రం చెప్పకండి. మొదటి కొద్దిరోజులు గొడవ పెరుగుతుంది. ఏడుపు, అలక, "నీకు నేనంటే ఇష్టం లేదు" అన్న మాట కూడా రావచ్చు. చాలామంది అమ్మానాన్నలు ఇక్కడే చేతులెత్తేస్తారు. వారం వారం ఒకరు ఫోన్ చేసి "ఎలా సాగుతోంది?" అని అడిగే ఏర్పాటు అవసరమయ్యేది సరిగ్గా ఇప్పుడే.

ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే వాళ్లకు చెప్పకుండా ఈ పని మొదలుపెట్టకండి. మీరు కాదన్న జవాబు వాళ్ల ఒళ్లో దొరికితే పడ్డ శ్రమంతా వృథా. పెద్దవాళ్లకూ ఒక పని అప్పజెప్పండి: బెరుగ్గానైనా పిల్లాడు బడికి వెళ్లొచ్చిన సాయంత్రం మెచ్చుకునే వంతు వాళ్లది.

ఆన్‌లైన్‌లో దొరికేదంతా సాయం కాదు. "మీ పాపలో ఈ లక్షణాలు ఉన్నాయా?" అని అడిగే రీల్స్ అర్ధరాత్రి చూస్తూ కూర్చుంటే బెంగ తీరదు, మీకూ అంటుకుంటుంది. చెప్పేవాళ్ల చదువు, అనుభవం ఏమిటో చూడండి. మీ పిల్లల గురించి ప్రశ్నలడిగి, ఈ వారం మీరేం చేయాలో చెప్పేవాళ్లను నమ్మండి. ఇన్ని రోజుల్లో భయం పోగొడతామని డబ్బు కట్టమనేవాళ్లను వదిలేయండి. పిల్లల వీడియోలు, పేర్లు పేరెంట్స్ గ్రూపుల్లో పెట్టకండి. రేపు వాడి తరగతివాళ్లే చూస్తారు.

తిండీ నిద్రా బాగా తగ్గిపోయినా, వారాల తరబడి బడి మానేసినా ఆన్‌లైన్ పాఠాలతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుడికి చూపించండి. చచ్చిపోవాలనుందన్నా, తనను తాను గాయపరచుకున్నా ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అంత దాకా రాకపోతే ఈ వారం ఒక కాగితం తీసి మూడు సంగతులు రాసుకోండి: భయం ఏ వేళకు వస్తోంది, అప్పుడు పిల్లాడేం చేస్తున్నాడు, మీరేం చేస్తున్నారు. ఆ కాగితం ముందు పెట్టుకుని 14416కు ఫోన్ చేయండి. పిల్లాడు మాట్లాడనంటే బలవంతపెట్టొద్దు. మీరు మాట్లాడండి.