కాలనీలో ఫుట్‌బాల్ క్లబ్బు పెడుతున్నారా?

పిల్లల కోసం ఫుట్‌బాల్ క్లబ్బు పెడదామని అనుకోగానే పెద్దలు చకచకా చేసేసే పనులు కొన్ని ఉంటాయి. వాట్సాప్ గ్రూపు తెరుస్తారు. కాలనీ పేరు చివర ఎఫ్‌సీ తగిలించి లోగో చేయిస్తారు. జెర్సీ ఏ రంగులో ఉండాలో రాత్రి పదకొండింటి దాకా వాదించుకుంటారు. తప్పేం లేదు, అవీ ఓ సరదా. కాకపోతే ఆ ఊపు తగ్గాక మిగిలేదే అసలు క్లబ్బు: బంతులకు గాలి కొట్టడం, గేటు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడం, నెలాఖరుకు లెక్క చెప్పడం. నేర్పడం కోచ్ పని, ఆడటం పిల్లల పని. మన వంతుకు మిగిలేది ఈ చాకిరీయే. దీనికి ఒప్పుకునే ఇళ్లు నాలుగైదు దొరికాయంటే మొదలుపెట్టేయొచ్చు.

ముందు జాగా చూసుకోవాలి. ఇళ్ల మధ్య ఖాళీగా కనిపించే ప్రతి స్థలానికీ అప్పటికే హక్కుదారులుంటారు. పొద్దున్నే నడకకొచ్చే పెద్దలు, ఆదివారం క్రికెట్ కుర్రాళ్లు, వినాయక చవితికి మండపం కమిటీ, ముహూర్తాల రోజుల్లో పెళ్లి పందిరి. వాళ్లతో తగవు పెట్టుకుని గెలిచినా, తెల్లారితే మళ్లీ అదే వీధిలో ముఖాలు చూసుకోవాలి. దానికన్నా దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాల మైదానం నయం. బడి వదిలాక సాయంత్రం ఖాళీగానే ఉంటుంది. పీఈటీ సార్ ఉంటే ముందు ఆయన్ని కలవండి, ఆ తర్వాత హెడ్‌మాస్టర్‌కు ఉత్తరం ఇవ్వండి. ఏ రోజుల్లో, ఎన్నింటి దాకా ఆడతారు, చెత్త ఎవరు తీస్తారు, ఏదైనా విరిగితే ఎవరు బాగుచేయిస్తారు అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద నడిచే ఏర్పాటు ఆయన బదిలీతోనే పోతుంది. ఆ బడి పిల్లల్లో ఆడతామని వచ్చినవాళ్లను ఫీజు లేకుండా చేర్చుకోండి. దాన్ని దానధర్మం కింద లెక్కేసుకోవద్దు, ఆ మైదానం వాళ్లదే కదా. గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు వానాకాలంలో అక్కరకొస్తాయి. రోజూ అక్కడే అయితే అద్దె భారమంతా ఫీజు మీదే పడుతుంది. ఫీజు పెరిగితే ముందుగా మానేసేది ఏ ఇంటి పిల్లలో చెప్పక్కర్లేదు.

గీతలు గీయడానికి సున్నం తేవద్దు. సున్నం తడి తగిలితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. పిల్లలేమో సరిగ్గా ఆ గీత మీదే పడతారు, అదే చేత్తో కళ్లు తుడుచుకుంటూ లేస్తారు. వాకిట్లో వేసే రాతి ముగ్గుపిండి తెచ్చుకుంటే సరిపోతుంది. ఇక గోల్‌పోస్టులు. వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టాలతో చేయించి మైదానంలో ఊరికే నిలబెట్టేస్తుంటారు. అలాంటివి మీద పడి పిల్లలు చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. వెనకున్న అడ్డకమ్మీని మేకులతో నేలలోకి దిగ్గొట్టాలి. నేల గట్టిదైతే దాని మీద ఇసుక బస్తాలు వేయాలి. పైకమ్మీ పట్టుకుని ఎవరూ వేలాడకూడదు, ఆట అయ్యాక పోస్టుల్ని పడుకోబెట్టి గొలుసు వేయాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా కోప్పడండి.

బంతి సైజుకూ వయసుకూ లెక్క ఉంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు 3వ నంబరు, పన్నెండేళ్ల దాకా 4, ఆ పైన 5. పెద్దలు ఆడే 5వ నంబరు బంతి 410 నుంచి 450 గ్రాముల బరువుంటుంది. ఏడేళ్ల పిల్లాడు దాన్ని గట్టిగా తంతే నొప్పి వాడి పాదానికే. అమెరికా సాకర్ సమాఖ్య 2015లోనే పదేళ్లు, ఆ లోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని నిర్ణయించింది. మనమూ పాటిస్తే పోయేదేమీ లేదు. బూట్ల మాటా ఒకటి చెప్పాలి. ఎదిగే పిల్లాడని రెండు సైజులు పెద్దవి కొనడం మనకు బాగా అలవాటు. చొక్కా విషయంలో చెల్లుతుంది గానీ, వదులు బూటులో పాదం జారుతుంది, మడమ మడత పడుతుంది. కొత్తవి కొనలేకపోతే పెద్ద పిల్లలకు బిగుతైపోయిన బూట్లు చిన్నవాళ్లకు అందేలా క్లబ్బులో ఓ అట్టపెట్టె పెట్టండి. ఎవరివి ఎవరికి వెళ్లాయో ఎవరూ అడగనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం: ఎవర్ని ఆడించాలి, ఎవర్ని బెంచీ మీద కూర్చోబెట్టాలి? పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో నాది ఒకటే మాట. వచ్చిన ప్రతి పిల్లాడూ, ప్రతి పిల్లా ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం సేపు ఆడాలి. ఓడిపోతున్నా సరే. ఇది మొదటి సమావేశంలోనే రాసుకుని అందరి చేతా సంతకాలు పెట్టించండి. ఫైనల్ రోజున మనసు మారుతుంది, మాటలు మారతాయి. అప్పుడు ఆ కాగితమే ఆదుకుంటుంది. ఎనిమిదేళ్ల పిల్లల్ని పదకొండు మంది చొప్పున పెద్ద మైదానంలోకి వదిలితే బంతి వెంట పరిగెత్తేది నలుగురే, మిగతావాళ్లు గడ్డి పీకుతూ నిలబడతారు. ఐదుగురు చొప్పున చిన్న మైదానంలో ఆడిస్తే అందరి కాళ్లకూ బంతి తగులుతుంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో మొదలుపెట్టిన గోల్డెన్ బేబీ లీగ్స్ కూడా చిన్న జట్లతో, చిన్న మైదానాల్లోనే నడిచాయి.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఎవరో ‘మైదాన్’ సినిమా వచ్చాక చాలామందికి తెలిసింది. ఆయన హైదరాబాద్‌లో బడి పంతులు. ఆయన శిక్షణలోనే సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో కొన్ని పోటీలు, బలం లేని కాలితోనే ఆడాలని మరికొన్ని పోటీలు పెట్టేవారు. మీ క్లబ్బులో నెలకోసారి ఇలాంటిది పెట్టి చూడండి. ఎడమకాలి మ్యాచ్‌లో కాలనీ హీరో కూడా తడబడతాడు, నిన్న చేరిన పిల్లాడూ తడబడతాడు. ఇద్దరూ ఒకర్ని చూసి ఒకరు నవ్వుకుంటారు. జట్టు అలా కుదురుతుంది.

మ్యాచ్ రోజున గీత పక్కన నిలబడి అరిచే నాన్నల గురించి ఎంత చెప్పినా తక్కువే. అమ్మలకూ మినహాయింపు లేదు. బంతి కాలికి తగలగానే పిల్లవాడు తలెత్తి తనవాళ్లు ఎక్కడున్నారో చూడాలి. పక్కనుంచి ‘షూట్, షూట్’ అని కేక వినిపిస్తే ముందు కేక వచ్చిన వైపే చూస్తాడు. ఆ అరక్షణంలో బంతి పోతుంది. తర్వాత దానికీ మనమే తిడతాం. కోచ్ ఒకటి చెప్పి, మనం ఇంకోటి చెబితే వాడు ఎవరి మాట వినాలి? మైదానానికి ఒక పక్కన నాలుగడుగుల దూరంలో తాడు కట్టి, పెద్దలంతా దాని వెనకే ఉండాలని నియమం పెట్టండి. చప్పట్లు కొట్టొచ్చు, పేరు పెట్టి పిలవకూడదు. రిఫరీ చాలాసార్లు ఓ కాలేజీ కుర్రాడే అయి ఉంటాడు. అతన్ని మన పిల్లల ముందే నిలదీస్తే, రేపు క్లాసులో టీచర్‌తో వాళ్లెలా మాట్లాడతారో ఊహించుకోవచ్చు. ఇంటికెళ్లే దారిలో బండి మీద వెనక కూర్చున్న పిల్లాడికి మ్యాచ్ మొత్తం విప్పి చెప్పకండి. ఆకలేస్తోందా అని అడగండి. చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు.

కోచ్‌ని పెట్టుకునేటప్పుడు ఎక్కడ ఆడాడన్నదొకటే చూడకండి. సమాఖ్య లైసెన్సు ఉందా, గతంలో పనిచేసిన చోట తల్లిదండ్రులు ఏమంటున్నారు అని వాకబు చేయండి. ఏ పిల్లతోనైనా, పిల్లాడితోనైనా ఏ పెద్దమనిషీ గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం కోచ్‌కూ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది. మంచి కోచ్ దీనికి నొచ్చుకోడు. ఆడపిల్లల్ని పంపే ఇళ్లు ముందు అడిగేది టాయిలెట్ గురించి, చీకటి పడ్డాక దింపే మనిషి గురించి. వీటికి జవాబు సిద్ధం చేసుకున్నాకే అమ్మాయిల బ్యాచ్ పెడుతున్నామని చెప్పండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లింది. ఆ పేరు మీ అమ్మాయిలకు చెప్పండి.

డబ్బు దగ్గర స్నేహాలు చెడతాయి. కాబట్టి క్లబ్బు పేరుమీదే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు, నెలనెలా గ్రూపులో జమాఖర్చు. సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మొదటి ఏడాది పిల్లలు నిలిచారో లేదో చూసుకుని ఆ పని పెట్టుకోవచ్చు. ఇంకో మాట. అండర్-13లో కప్పు కోసం పుట్టినతేదీ మార్చిన సర్టిఫికెట్లు తెచ్చేవాళ్లుంటారు. జాతీయ స్థాయిలో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. దొరికితే సిగ్గు పిల్లాడిది. మీ క్లబ్బు గడప దగ్గరే వద్దనేయండి.

ఇన్ని చేసినా, తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి జట్టులో సగం మంది మాయమవుతారు. ట్యూషన్ ఒకటి, ఫౌండేషన్ కోర్సు ఒకటి. చదువు వద్దనను, మార్కులు ఎవరికి చేదు! పూర్తిగా మాన్పించే ముందు మాత్రం కోచ్‌తో మాట్లాడి, వారానికి రెండు సాయంత్రాలు సరిపోయేలా వేళలు మార్పించండి. ఆ రెండు సాయంత్రాలూ పిల్లలకు వదిలేయండి.